హైడ్రిల్లా, ఎగేరియా: చెరువు నాచు, అక్వేరియం నాచు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో బోటనీ చెబుతాను. కార్తీకంలో చెరువులు నిండిన దగ్గర్నుంచి ఎండాకాలం దాకా మూడు రకాల మనుషులు నాకు ఫోన్ చేస్తుంటారు: ప్రాక్టికల్స్ దగ్గరపడిన పిల్లలు, ఇంట్లో గాజుతొట్టి పెట్టుకున్నవాళ్లు, చెరువును పాటకు తీసుకుని చేపపిల్లలు వదిలినవాళ్లు. ముగ్గురూ పంపే ఫోటో ఒకటే, పచ్చటి తీగ, కణుపు కణుపుకీ చిన్న ఆకుల చుట్టు. చాలాసార్లు అది మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా గానీ, అక్వేరియం అంగళ్లలో దొరికే ఎగేరియా గానీ అయి ఉంటుంది. అడిగే సందేహాలూ అవే. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే రాసి పెడుతున్నాను. ఎవరికి ఏది కావాలో అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు.

## ఏది ఏదో తెలుసుకోవడం

ఫోటో పెట్టాను సార్, ఇది హైడ్రిల్లానా, ఎగేరియానా?

ఫోటోతో చెప్పడం కష్టం. చేత్తో పట్టుకుంటే మాత్రం చాలావరకు తెలిసిపోతుంది. ఒక కొమ్మ తీసుకుని చివరి నుంచి మొదలు వైపుకి బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా లాగండి. హైడ్రిల్లా అయితే గరగరలాడుతుంది. దాని ఆకు అంచుకు రంపంలాంటి పళ్లు ఉంటాయి, దగ్గరగా చూస్తే మామూలు కంటికే కనిపిస్తాయి. ఆకును తిరగేస్తే మధ్య ఈనె మీద కూడా చిన్న ముళ్లలాంటివి ఉంటాయి, ఒక్కోసారి ఆ ఈనె ఎర్రగా ఉంటుంది. ఎగేరియా మెత్తగా వేళ్ల మధ్య నుంచి జారిపోతుంది. దాని అంచుకూ పళ్లున్నాయి గానీ భూతద్దం లేకుండా చూడలేం. ఈనె నున్నగా ఉంటుంది.

ఒక్కో కణుపుకి ఎన్ని ఆకులున్నాయో లెక్కపెడితే చాలదా?

చాలదు. చాలామంది పొరపడేది ఇక్కడే. హైడ్రిల్లాకు కణుపు చుట్టూ మూడు నుంచి ఎనిమిది దాకా ఆకులుండొచ్చు, ఎక్కువసార్లు నాలుగో అయిదో కనిపిస్తాయి. ఎగేరియాకు సాధారణంగా నాలుగు, అటూ ఇటూ మూడు నుంచి ఆరు. అంటే నాలుగు ఆకులు లెక్కకొస్తే మనకు తెలిసిందేమీ లేదు. లెక్కపెట్టాలనుకుంటే కాండం మధ్యలో నాలుగైదు కణుపులు చూడండి, అడుగు కణుపుల్లో ఆకులు తగ్గి ఉంటాయి. పొడవు కొంత ఉపయోగపడుతుంది. హైడ్రిల్లా ఆకు 1 నుంచి 2 సెంటీమీటర్లు, ఎగేరియా ఆకు తరచూ 2 నుంచి 3, వెడల్పు కూడా ఎక్కువ. ఎగేరియా కొమ్మ చివర ఆకులు ఒత్తుగా, కుచ్చులాగా ఉంటాయి.

ఇంకేం అనుమానం లేకుండా తేల్చే గుర్తు చెప్పండి.

బురదలో వెతకండి. ఈ రెండు మొక్కల మధ్య అసలు తేడా ఆకుల్లో లేదు, వేళ్ల దగ్గర ఉంది. హైడ్రిల్లా బురదలో దుంపలు పెడుతుంది. ఎగేరియా పెట్టదు.

నేను పిల్లల చేత ఇట్లా చేయిస్తాను. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, మొక్క మొదలు దగ్గర రెండు చేతులతో జానెడు లోతు బురద తీసి, గోధుమపిండి జల్లెడలో వేసి నీళ్లలోనే కడగాలి. బురదంతా పోయాక జల్లెడలో నత్తగుల్లలు, కుళ్లిన ఆకులు, వాటి మధ్య శనగగింజంత తెల్లటి, పసుపుపచ్చని లేదా గోధుమరంగు గింజలు మిగులుతాయి. ఒక కొస కొంచెం మొనదేలి ఉంటుంది. కొన్నింటికి సన్నటి దారంలాంటి భూగర్భ కాండం ఇంకా అంటుకునే ఉంటుంది. అవే దుంపలు. గోరుతో నొక్కితే గట్టిగా ఉంటాయి. ఆకుల మొదట్లో కూడా ఆకుపచ్చ మొగ్గలు వస్తాయి, చిన్న ఆకుల్ని దగ్గరగా నొక్కి చుట్టినట్టుంటాయి. ఈ రెంటిలో ఏది దొరికినా అది హైడ్రిల్లానే. దొరకనంత మాత్రాన ఎగేరియా అని మాత్రం తేల్చేయకూడదు, లేత మొక్కకు ఇంకా దుంప పెట్టే వయసు వచ్చి ఉండదు.

డిగ్రీ ప్రాక్టికల్‌కి ఇంకాస్త శాస్త్రీయమైన గుర్తు కావాలి.

ఆకు కణుపుకు అంటుకునే చోట లోపలివైపు అతి చిన్న పొలుసులు రెండు ఉంటాయి. హైడ్రిల్లా పొలుసుల అంచున నారింజ, గోధుమ రంగు కలిసిన వెంట్రుకల కుచ్చు ఉంటుంది. ఎగేరియా పొలుసులకు ఆ కుచ్చు ఉండదు. ఆకును చింపకుండా మొదలుతో సహా ఊడదీసి, మైక్రోస్కోప్ చిన్న పవర్‌లో చూడండి. ఒకసారి చూసిన పిల్లలు మళ్లీ మర్చిపోరు.

పూలు వస్తే తేలిగ్గా చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ఎగేరియా పువ్వు మూడు తెల్లటి రేకులతో దాదాపు 2 సెంటీమీటర్ల వెడల్పుతో నీటిపైకి కాడ చాచి పూస్తుంది, దూరం నుంచే కనిపిస్తుంది. సొంత నేల అయిన దక్షిణ అమెరికా దాటి మిగతా దేశాల్లో మగ మొక్కలే వ్యాపించాయి. కాబట్టి అక్కడ విత్తనం ఉండదు, ముక్కల నుంచే పెరుగుతుంది.

హైడ్రిల్లా పువ్వు కోసం వంగి వెతకాలి. ఆడపువ్వు అరసెంటీమీటరు కూడా ఉండదు. సన్నటి దారంలాంటి కాడ మీద పైకి వచ్చి నీటి ఉపరితలం మీద తేలుతుంది. మగమొగ్గ మరీ విచిత్రం. అది మొక్క నుంచి తెగిపోయి, పైకి తేలి, నీటిమీదే పగిలి పుప్పొడి చిమ్ముతుంది. గాలి లేని ఉదయం చెరువు అంచున కూర్చుంటే రవ్వ చల్లినట్టు ఆ మొగ్గలు తేలుతూ కనిపిస్తాయి. అది చూడటానికి పొద్దున్నే లేచి వెళ్లినా బాధపడరు.

ఇంతగా పోలి ఉన్నాయంటే రెండూ అక్కాచెల్లెళ్లేనా?

ఇంటిపేరు ఒకటే, గడపలు వేరు. రెండూ హైడ్రోకారిటేసి కుటుంబానివే. జన్యువుల్ని బట్టి చూస్తే మాత్రం ఎగేరియాకు దగ్గరి చుట్టం ఎలోడియా. హైడ్రిల్లాకు దగ్గరిది రిబ్బనులాంటి ఆకులుండే వాలిస్నేరియా. చూడటానికి హైడ్రిల్లాకూ వాలిస్నేరియాకూ ఏ పోలికా ఉండదు. నీళ్లలో బతకడానికి సన్నటి కాండం, కణుపు చుట్టూ చిన్న ఆకులు అనే రూపం రెండు శాఖల్లోనూ విడివిడిగా కుదిరింది. హైడ్రిల్లా ప్రజాతిలో ఒకే ఒక్క జాతి ఉంది, దాని పూర్తి పేరు హైడ్రిల్లా వర్టిసిల్లాటా. ఎగేరియా డెన్సాకు 1849లో ఆ పేరు పెట్టినవాడు ప్లాంకోన్ అనే ఫ్రెంచ్ వృక్షశాస్త్రజ్ఞుడు. ఎగేరియా అంటే రోమన్ పురాణాల్లో ఒక జలదేవత.

అంగట్లో ఎలోడియా అంటారు, అనాకారిస్ అంటారు. అవి వేరా?

అక్వేరియం అంగళ్లలో ఆ రెండు పేర్లతోనూ దొరికేది ఎక్కువగా ఎగేరియానే. నిజమైన ఎలోడియా కెనడెన్సిస్ ఉత్తర అమెరికా మొక్క. దానికి కణుపుకి మూడే ఆకులు, అవి కూడా చిన్నవి. పేరు అడక్కండి, ఆకు పట్టుకుని చూడండి. ఒకసారి నేను ఎగేరియా కావాలని డబ్బు కట్టి తెచ్చుకున్న కట్ట ఇంటికొచ్చి వేళ్లతో లాగితే గరగరమంది. అది మన హైడ్రిల్లా, ఊరి చెరువులో ఊరికే దొరికేదే.

మా చెరువులో ఉన్నది ఈ రెండూ కాదేమో?

కావచ్చు. ఆకులు రెండుగా చీలి, వేళ్లే లేకుండా తేలుతుంటే అది సెరటోఫిల్లం. ముట్టుకుంటే గరుకుగా ఉండి వెల్లుల్లి కలిసిన చెడ్డ వాసన వస్తే కారా, అది శైవలం. కణుపుకి ఒక్కటే ఆకు వచ్చి, పై ఆకులు నీటిమీద పరుచుకుంటే పొటమోజిటాన్. పట్టుకుంటే జిగటగా, దూదిలాగా చేతికి చుట్టుకుంటే అది పాచి.

## ప్రాక్టికల్స్, ప్రయోగాలు

పుస్తకంలో హైడ్రిల్లా అని ఉంది. ఎగేరియాతో చేస్తే ప్రయోగం తప్పా?

తప్పు కాదు. బీకరులో గరాటు బోర్లించి చేసే కిరణజన్యసంయోగక్రియ ప్రయోగం రెంటితోనూ పనిచేస్తుంది. రికార్డులో మాత్రం ఏ మొక్కతో చేశారో ఆ పేరే రాయండి. మన పుస్తకాల్లో హైడ్రిల్లా ఉండటానికి కారణం అది మన చెరువుల్లో దొరకడమే. పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో అదే చోట ఎలోడియా ఉంటుంది.

బుడగలే రావట్లేదు సార్, రేపే ప్రాక్టికల్. టెన్షన్‌గా ఉంది.

ముందు మొక్క తాజాగా ఉందో లేదో చూడండి. పాలిథీన్ కవరులో ఎండలో మోసుకొచ్చిన మొక్క పచ్చగానే కనిపిస్తుంది గానీ అప్పటికే ఉడికిపోయి ఉంటుంది. ఒక ఏడాది నాకూ ఇదే జరిగింది. చంద్రగిరి వైపు కుంట నుంచి తెచ్చిన కట్ట మోటార్‌సైకిల్ మీద గంటసేపు ఎండలో ఉండిపోయింది, బ్యాచ్ మొత్తానికి ఒక్క బుడగ రాలేదు. అప్పటినుంచి మూతున్న బకెట్లో చెరువు నీళ్లతోనే తెస్తాను, ముందురోజే తెచ్చి వెలుతురులో ఉంచుతాను.

తర్వాత నీళ్లు. కాచి చల్లార్చిన నీళ్లు వాడితే అందులో కార్బన్ డయాక్సైడ్ ఉండదు, బుడగలు రావు. ఆర్ఓ నీళ్లూ వద్దు. చెరువు నీళ్లు గానీ బోరు నీళ్లు గానీ పోసి చిటికెడు వంటసోడా కలపండి. కొమ్మల కోసిన కొసలు గరాటు గొట్టం వైపుకి, అంటే పైకి ఉండాలి. ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య ఎండ చాలు. మిట్టమధ్యాహ్నం పెడితే నీళ్లు వేడెక్కుతాయి. వేడి నీటిలో కరిగిన గాలి కూడా బుడగలై వస్తుంది, దాన్ని ఆక్సిజన్ అని లెక్కపెట్టేస్తారు. పరీక్షనాళికలో గాలి చేరాక ఆరిపోబోతున్న అగరబత్తీని లోపల పెట్టండి, మళ్లీ ఎర్రగా రాజుకుంటుంది.

మైక్రోస్కోప్‌లో జీవద్రవ్యం తిరగడం ఏ ఆకులో బాగా కనిపిస్తుంది?

రెంటిలోనూ కనిపిస్తుంది. ఈనె తప్ప ఆకంతా రెండు వరుసల కణాలే కాబట్టి కోతలు కోయక్కర్లేదు, ఆకు మొత్తాన్ని స్లైడ్ మీద పెట్టేయొచ్చు. కొమ్మ చివరి లేత ఆకు తీసుకుని, అయిదు నిమిషాలు వెలుతురులో ఉంచి, ఈనె పక్కనున్న పొడవాటి కణాలు చూడండి. ఆకుపచ్చ చుక్కలు కణం గోడల వెంట ఒకదాని వెనక ఒకటి, మాడవీధుల్లో ఊరేగింపులాగా సాగుతుంటాయి. కదలిక కనిపించకపోతే స్లైడ్‌ను కొద్దిసేపు దీపం దగ్గర ఉంచి మళ్లీ చూడండి.

## ఇంట్లో అక్వేరియం

చలికాలం బ్రహ్మాండంగా పెరిగిన ఎగేరియా ఏప్రిల్ వచ్చేసరికి కరిగిపోతోంది. నేనేం తప్పు చేశాను?

మీ తప్పేం లేదు, వేడి తప్పు. ఎగేరియా చల్లటి నీళ్ల మొక్క. నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే కాండం మెత్తబడి ఆకులు రాలిపోతాయి. బయట 40 దాటే తిరుపతి ఎండల్లో, ఏసీ లేని గదిలో తొట్టి నీళ్లు 30 లోపు ఉండటం చాలా కష్టం. ఎరువులు పోసి ప్రయోజనం లేదు. హైడ్రిల్లా ఈ వేడిని తట్టుకుంటుంది, ఇది దాని సొంత నేల. ఎండాకాలానికి హైడ్రిల్లా పెట్టుకోమనే నేను చెబుతాను.

చెరువు నుంచి తెచ్చిన హైడ్రిల్లా నేరుగా తొట్టిలో వేసేయొచ్చా?

వద్దు. దాంతోపాటు నత్తగుడ్లు, తూనీగ పిల్లలు, జలగలు వస్తాయి. తూనీగ పిల్ల గప్పీలను పట్టి తినేస్తుంది. నాలుగుసార్లు కడిగి, వారం రోజులు వేరే బకెట్లో వెలుతురు తగిలేచోట ఉంచి, రోజూ కదిలించి చూసి అప్పుడు వేయండి. పురుగుమందు కొట్టే తోటల పక్కనున్న కుంట నుంచి అసలు తేవొద్దు.

బాగా పెరిగిపోయింది, కత్తిరించింది ఎక్కడ పారేసేది? చెరువులో వేస్తే బతుకుతుంది కదా?

బతుకుతుంది, అందుకే వేయకూడదు. కత్తిరించినదాన్ని డాబా మీద కరకరలాడేదాకా ఎండబెట్టి పూలకుండీలో వేయండి. సింకులో, కాలవలో వేయొద్దు. హైడ్రిల్లాకు ఒక్క కణుపున్న ముక్క కూడా మొలకెత్తగలదు. ఎగేరియాకు ఆ శక్తి అన్ని కణుపులకూ లేదు, కాండం మీద అక్కడక్కడా రెండు కణుపులు కలిసిపోయినట్టుండే చోటే కొత్త కొమ్మలు, వేళ్లు వస్తాయి. అయినా మన చెరువుల్లో లేని మొక్కను మన చేతులతో వదిలి ఏం జరుగుతుందో చూడటం మంచిది కాదు. మొక్కతో పాటు తొట్టి నీళ్లు, చేపలు కూడా చెరువుకు వెళ్తాయి. దయచేసి ఆ పని చేయకండి.

## చెరువు, చేపలు

మే నెలలో చెరువు నెర్రెలు బారింది. మరవ పారిన రెండు నెలలకే మళ్లీ నాచు. ఎక్కడి నుంచి వచ్చింది?

ఎక్కడి నుంచీ రాలేదు, అక్కడే ఉంది. మన జిల్లాల చెరువులు ఈశాన్య రుతుపవనాల వానకి నిండి, వేసవికి అడుగంటేవి. ఆ ఎండిన నెలలు గడవడానికే హైడ్రిల్లా దుంప పెడుతుంది. పగళ్లు తగ్గే కాలంలో దుంపలు ఊరతాయి, బురదలో ఒక అడుగు లోతు దాకా ఉండొచ్చు. పైన నెర్రెలు విచ్చినా కింద తేమ మిగిలినంతకాలం అవి చావవు. కదిలించని బురదలో కొన్నేళ్లు కూడా నిద్రపోగలవు. ఒక్క దుంపతో మొదలైన మొక్క చదరపు మీటరులో వేల దుంపలు పెట్టగలదని లెక్కలున్నాయి.

ఎగేరియాకు ఈ ఏర్పాటు లేదు. ఎండాకాలం చెరువు పూర్తిగా ఎండితే అది పోయినట్టే. కాబట్టి ఏటా ఎండి, నిండిన ప్రతిసారీ తనంతట తానే మొలిచే నాచు ఎగేరియా కాదని ఆకు చూడకుండానే చెప్పొచ్చు.

నాచు ఉంటే చేపలకు మంచిదా, చెడ్డదా?

కొంచెం ఉంటే మంచిది. చేపపిల్లలు దాక్కుంటాయి, పురుగులు, నత్తలు దొరుకుతాయి, నీళ్లు తేటపడతాయి. చెరువంతా అల్లుకుంటే మాత్రం బొచ్చె, శీలావతి తిరగడానికి చోటుండదు, వల లాగడం కుదరదు, తూము మూసుకుపోతుంది. హైడ్రిల్లా వెలుతురు చాలా తక్కువున్న లోతుల్లో కూడా మొదలవగలదు, అనుకూలిస్తే రోజుకి రెండు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. పైకి చేరాక కొమ్మలు విడిచి నీటిమీద చాపలాగా పరుచుకుంటుంది. ఆ చాప పడకముందే మనం మేల్కొనాలి.

తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పగలు బాగానే ఉన్నాయి. నాచు విషమా?

విషం కాదు, ఊపిరాడక. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా చేపలతో పాటు అదీ పీల్చుకుంటుంది. వెలుగు రాకముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. మబ్బుపట్టిన రోజు తర్వాతి తెల్లవారుజాము ఇంకా ప్రమాదం. వెంటనే మోటారు పెట్టి నీళ్లు పైకి చిమ్మండి, ఆ రోజు మేత ఆపండి. నాచును ఆ వారమే కొంత తీయించండి.

మందు కొట్టి ఒక్కరోజులో చంపేయొచ్చా?

వద్దని గట్టిగా చెబుతున్నాను. ఒక్కసారిగా చచ్చిన నాచంతా నీటిలోనే కుళ్లుతుంది, కుళ్లేటప్పుడు ఆక్సిజన్ అంతా లాగేసుకుంటుంది. నాచు కంటే ముందు చేపలు తేలతాయి. మైలుతుత్తం లాంటివి మోతాదు తప్పితే నేరుగా చేపలనే చంపుతాయి. పైగా బురదలోని దుంపకి ఆ మందు తగలదు. ఆ నీళ్లు తాగే గొర్రెలు, కట్ట కింద మడులు కూడా ఉన్నాయి.

గడ్డి చేప (గ్రాస్ కార్ప్) వదిలితే నాచు పోతుందంటున్నారు, నిజమేనా?

నిజమే. హైడ్రిల్లా గడ్డి చేపకి చాలా ఇష్టమైన మేత. ఈ చేపను 1959లో హాంకాంగ్ నుంచి కటక్‌కు తెచ్చారు, తర్వాత దేశమంతా వ్యాపించింది. నిలవ నీళ్లలో గుడ్లు పెట్టి పెరగదు కాబట్టి వదిలినన్నే ఉంటాయి. మరీ చిన్న పిల్లలు వదిలితే నాచు తినేంత నోరుండదు, కొరమీనుకు ఆహారమైపోతాయి. చేతి వేలి పొడవు దాటిన పిల్లలు తీసుకోండి. ఎన్ని వదలాలనేది నాచు ఎంతుందో చూసి మత్స్యశాఖ వాళ్లను అడిగి తేల్చుకోవాలి. ఎక్కువైతే మంచి మొక్కలు కూడా మిగలవు.

అమెరికాలో హైడ్రిల్లా కోసం కోట్లు ఖర్చుపెడతారట. అది మన చెరువు నాచేనా?

అదే జాతి. 1950ల్లో అక్వేరియం వ్యాపారం ద్వారా శ్రీలంక నుంచి ఫ్లోరిడా చేరింది. జన్యు పరీక్షల్లో అక్కడి ఒక రకం బెంగళూరు నమూనాకు బాగా దగ్గరగా కనిపించింది. అంటే మదనపల్లె దాటి కాస్త ముందుకెళ్తే ఉండే నాచుకు బంధువు. ఇక్కడ వేల ఏళ్లుగా దాన్ని తినే పురుగులు, చేపలు, ఎండే చెరువులు ఉన్నాయి. అక్కడ ఏవీ లేక అడ్డు లేకుండా పెరిగింది. తొట్టి మొక్కని చెరువులో వదలొద్దని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

మనుషుల్ని పెట్టి తీయిస్తున్నాం. ఏ నెలలో తీస్తే పనికొస్తుంది? తీసింది ఏం చేసేది?

నీటిమీద చాప పరవకముందు, దుంపలు ఊరకముందు తీయించండి. చెరువు నిండిన నెలన్నరకి ఒకసారి, మళ్లీ నెలకి ఇంకోసారి తీయిస్తే ఆ ఏడాది దుంపలు తగ్గుతాయి. పైపైన తెంపితే ముక్కలు తేలి ఇంకోచోట నాటుకుంటాయి, కాబట్టి మొదలు దగ్గర పట్టి లాగమనండి, గాలి కొట్టే వైపు పాత వల ఒకటి అడ్డం కట్టి తేలిన ముక్కల్ని పట్టండి. పూడిక తీసే ఏడాదైతే ఆ మట్టిలో దుంపలు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. పొలానికి తోలితే భయం లేదు, పక్క కుంట గట్టుకు మాత్రం పోయొద్దు.

తీసిన నాచులో తొంభై శాతానికి పైగా నీళ్లే. ట్రాక్టరుకెత్తే ముందు రెండు రోజులు గట్టు మీదే ఆరనివ్వండి, బండెడు కుప్ప తట్టెడు అవుతుంది. బాతులు పచ్చిదే తింటాయి. మిగిలింది పేడతో కలిపి కుప్ప వేస్తే మంచి ఎరువు.